రోకలి పడేదాకా

నేలకు కూడా ఆటుపోట్లు ఉంటాయని నాకు మొదట చెప్పింది మా అక్క కూతురు. తొంభైల చివరి సంవత్సరాలవి. అప్పటికి నేను స్టేషన్ మాస్టరుగా పదవీ విరమణ చేసి, ఆఖరున పనిచేసిన విరుదునగర్‌లోనే చిన్న ఇల్లు తీసుకుని ఉంటున్నాను. సముద్రపు పోటు నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తూత్తుకుడిలో ఉన్నప్పుడు, అమావాస్య పోటుకు ఉప్పునీటి కాలువ నిండుతుంటే ఉప్పుమళ్ళ వాళ్ళు అడ్డుపలకలు ఎత్తి నీళ్ళు మళ్ళించుకోవడం చూశాను. కానీ గట్టి నేల, మనం పునాది తవ్వి ఇల్లు కట్టుకున్న నేల, చంద్రుడు నెత్తిమీదికి వచ్చినప్పుడు జానెడు లేచి మళ్ళీ దిగుతుందంటే మనసు ఒప్పుకోలేదు.

"మరి మనకు తెలీదేమి?" అని అడిగాను.

"మనమూ దాంతోనే లేస్తాము గదా మామా. పడవలో పండుకున్నోనికి పడవ లేసేది తెలుస్తుందా?" అంది.

ఆ రోజు డైరీలో 'నేల లేస్తుందట' అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. నా డైరీలలో ప్రశ్నార్థకాలు తక్కువ. వాన పడిందా లేదా, ఏ బండి ఎంత ఆలస్యం, ఎవరు వచ్చారు, ఎవరు పోయారు. అంతే ఉంటాయి. కొన్నాళ్ళు గూడూరులో ఉద్యోగం చేసినప్పుడు తెలుగు చదవడం, రాయడం నేర్చుకుని, అప్పటి నుంచి తెలుగులోనే రాస్తున్నాను. తరతరాలుగా తమిళనాట ఉన్న మా ఇళ్ళలో మాట్లాడే తెలుగు వేరు. దాన్ని కాగితం మీద పెట్టాలని మా వాళ్ళలో ఎవరికీ తోచలేదు.

మేనకోడలు తొలి కాన్పుకు కోవిల్‌పట్టిలో పుట్టింటికి వచ్చి ఉంది. అక్క ఇల్లు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వెనుక వీధిలో. ఆ ఇంట్లో అక్క, ఎనభై దాటిన మా అమ్మ, ఇప్పుడు ఈ పిల్ల. భర్త అక్కడే, ఐరోపాలో ఉండిపోయాడు. ఆమె పని కూడా అక్కడే, రేణువులను ఢీకొట్టించే ఒక పెద్ద యంత్రం దగ్గర. నేను రెండు మూడు రోజులకొకసారి ప్యాసింజరు ఎక్కి వాళ్ళను చూడటానికి వెళ్ళేవాణ్ణి. వెళ్ళడం పిల్లను చూడటానికి అన్నది పైకి చెప్పే కారణం. లోపలి కారణం ఆ యంత్రం. దాని సంగతి వినేకొద్దీ అడగవలసినవి పెరుగుతూ వచ్చాయి.

భూమి లోపల గుండ్రంగా తవ్విన సొరంగం. దాని చుట్టుకొలత కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు దాకా ఉండే దూరమంత. అందులో గాలి తీసేసిన గొట్టం. ఆ గొట్టంలో కంటికి కనబడని రేణువులు గుంపులు గుంపులుగా, ఒక జట్టు ఇటు నుంచి, ఒక జట్టు అటు నుంచి తిరుగుతూ కొన్ని చోట్ల ఢీకొంటాయి. రెండు బండ్లు ఎదురుపడకుండా చూడటానికే నేను బతుకంతా జీతం తీసుకున్నాను. ఎదురుపడేలా చూడటానికి జీతమిచ్చే చోటు ఒకటి ఉందని వినడం నాకు వింతగా ఉండేది.

"గుద్దిస్తే ఏమి వస్తుంది?" అని అమ్మ అడిగింది.

"కొత్త కొత్తవి పుడతాయి అవ్వా. ఏమేమి పుడతాయో సూసేదానికే."

"గుద్దితే వాపు పుడుతుంది. దానికి అంత దూరం పోవాల్నా?"

పిల్ల నవ్వింది. అమ్మ నవ్వలేదు. అమ్మ హాస్యాలన్నీ నవ్వకుండా చెప్పేవే.

ఒక మధ్యాహ్నం పిల్ల ఇత్తడి పళ్ళెం తెప్పించుకుని, అందులో ఒక వేరుశనగ గింజ వేసి, పళ్ళెం అటూ ఇటూ వంచుతూ గింజను అంచు వెంట గుండ్రంగా తిప్పింది. "ఇదే మామా మా యంత్రం" అంది. దారిలో ఒకచోట, పాటకు వేసినట్టు తాళం వేసే యంత్రాలు ఉంటాయట. గింజ సరిగ్గా తాళానికి అక్కడికి వస్తే ఒక తోపు అందుకుని ముందుకు పోతుంది. రేణువులు అప్పటికే దాదాపు వెలుగు పోయేంత వేగంతో పోతుంటాయి కాబట్టి ఇంక తొందరపడటం వాటి చేతిలో లేదు. ఇప్పుడు అమావాస్యో పౌర్ణమో వచ్చి నేల ఉబ్బిందనుకుందాం. అంత పెద్ద చుట్టు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. తాళం మాత్రం మారలేదు. వేగం పెంచలేని రేణువులు తాళానికి అందుకోవాలంటే ఒకటే దారి, చుట్టులో లోపలి అంచుకు జరిగి దగ్గరి దారిన పోవడం. అలా నడిమి వదిలి జరిగితే గుంపు కుదురు తప్పుతుంది. అంచున ఉన్నవి గోడకు రాసుకుని పోతాయి. అదే నష్టం.

"అయితే ఏమి చేయాలి?" అన్నాను.

"తాళాన్ని వెంట్రుకవాసి నిదానం సేయాల. అప్పుడు నడిమి దారే సరైన దారి అవుతుంది."

అమ్మ పక్కన కూర్చుని వింటూ ఉంది. "ఇద్దరు ఆడోళ్ళు ఒకే రోట్లో కంబు దంచినట్టు" అంది. సజ్జలను మా ఇళ్ళలో కంబు అంటారు. "ఒకామె ఎత్తితే ఒకామె దించాల. తాళం తప్పితే గింజ రోలు బయట పడుతుంది. కొత్త కోడలు వస్తే ముందు అదే సూస్తారు, ఎంత గింజ బయట పడిందని."

"అదే అవ్వా, అచ్చం అదే" అంది పిల్ల. ఆ మాట ముఖస్తుతి కాదు. ఆమె కళ్ళలో నిజంగానే ఏదో కదిలింది.

ఆమె చేసిన పని ఇది. అంతవరకు అక్కడివాళ్ళు నష్టం పెరిగాక చూసి, అప్పుడు తాళం సర్దుకునేవారు. ఈ పిల్ల సూర్యచంద్రుల స్థానాలను బట్టి నేల ఏ వేళకు ఎంత ఉబ్బుతుందో ముందే లెక్కకట్టి, ఏ వేళకు తాళం ఎంత మార్చాలో ఒక పట్టిక తయారుచేసింది. రెండేళ్ళ పని. పైవాళ్ళలో కొందరు అది అనవసరమన్నారు. చివరికి ఒక్క పూట యంత్రాన్ని ఇస్తామన్నారు. ఆ పూట నష్టం తగ్గిందా, ఆమె పట్టిక వాడుకలోకి వస్తుంది. తగ్గలేదా, పట్టిక అటకెక్కుతుంది, తిరిగి వెళ్ళాక ఆమెకు వేరే పని ఇస్తారు.

"ఆ ఒక పూటలో తేలకపోతే రెండేండ్లు సుమ్మా పోయినట్టే మామా" అంది. ఊరికే అనడానికి మేము సుమ్మా అంటాము. ఆ మాట అంటూ ఆమె వేరుశనగ గింజను నోట్లో వేసుకుంది.

పరీక్షకు వాళ్ళు ఎంచుకున్న రోజు తమిళ ఆడి నెల అమావాస్య. సూర్యుడూ చంద్రుడూ ఒకే వరుసన నిలబడి లాగే రోజు కాబట్టి తేడా బాగా కనబడుతుందని. ఫోన్లో ఆమె ఉండాలి. అక్క ఇంట్లో ఫోను వచ్చి అప్పటికి ఏడాది అయింది.

ఆ రోజే గ్రహణమని గోడ మీది క్యాలెండరు చూసి చెప్పింది అక్క. ఆలోచిస్తే అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఆ వరుస మరీ తిన్నగా కుదిరినప్పుడే గ్రహణం. పరీక్షకు మంచి రోజు ఎందుకయిందో, కడుపుతో ఉన్నవాళ్ళకు చెడ్డ రోజూ అందుకే అయింది.

అమ్మ ఆ క్షణం నుంచి ఇంటికి అధికారి. గ్రహణం పట్టినప్పటి నుంచి విడిచేదాకా కడుపుతో ఉన్న పిల్ల లోపలి గదిలో పండుకోవాలి. కత్తి, సూది, కలం ముట్టకూడదు. కాగితం మడవకూడదు, మడిస్తే బిడ్డ చెవి మడతపడుతుంది. గడప దాటకూడదు. గ్రహణం విడిచిందనడానికి గుర్తు రోకలి. పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలిని నిట్టనిలువుగా నిలబెడితే, గ్రహణం ఉన్నంతసేపు అది పట్టుకోకుండా నిలుస్తుంది, విడవగానే పడిపోతుంది. మా వైపు ఇళ్ళన్నిటిలో ఇదే గడియారం.

"అవ్వా, నాకు ఫోను వస్తుంది. రెండేండ్ల పని."

"రానీ. రావద్దంటినా? నువ్వు పోవద్దు అంటిని."

"ఫోనునే లోపలికి తెచ్చుకుంటాను."

"ఆ తీగ నా కొంగంత పొడుగు లేదు. కిటికీ దాటి రాదు."

అది నిజం. ఫోను వీధి కిటికీ పక్కన స్టూలు మీద ఉండేది. పిల్ల నా వైపు చూసింది. అమ్మ కూడా నా వైపే చూసింది.

"వీడున్నాడు గదా! బతుకంతా ఫోన్లో 'బండి వదులు, బండి వదులు' అని అరిసినోడు. వీడు అడిగి సెప్తాడు, నువ్వు పండుకొని వినుకో."

అలా నాకు ఆ పని వచ్చింది. నిజం చెప్పాలంటే నేను లోలోపల సంతోషించాను.

అమావాస్యకు ముందురోజు పట్టిక కడపటి ప్రతిని ఆమెతో పనిచేసే ఇంజనీరు ఈమెయిల్లో పంపాడు. విరుదునగర్ బజారులో నూనె మండీల వరుస దాటాక కొత్తగా ఒక ఇంటర్నెట్ సెంటరు తెరిచారు. ఎండుమిర్చి ఘాటుకు అక్కడ కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్ళందరూ తుమ్ముతుండేవారు. అక్కడ దాన్ని అచ్చు వేయించి, ప్యాసింజరులో చదువుకుంటూ కోవిల్‌పట్టి వెళ్ళాను. పట్టిక నాకు రైళ్ళ టైమ్‌టేబుల్‌లాగే కనబడింది. ఎడమవైపు వేళలు, కుడివైపు మార్పులు. కొన్ని ముందుకు, కొన్ని వెనక్కు. స్టేషన్ల పేర్లు ఉండవలసిన చోట చంద్రుడు ఎంత ఎత్తున ఉన్నాడో ఉంది. సాత్తూరు దాటేదాకా ఆ వరుస మీదనుంచి కన్ను తీయలేకపోయాను.

ఇంట్లోకి అడుగుపెట్టి, నాలుగు మడతలు పెట్టిన కాగితాన్ని జేబులోంచి తీశాను.

"మడిసినావా!" అంది అమ్మ.

"గ్రహణం రేపు కదమ్మా."

"మామ సెవులు సూడు అవ్వా, ఏది మడత పడిందో" అని గదిలోంచి పిల్ల.

మర్నాడు మధ్యాహ్నం వీధి ఖాళీ అయింది. అక్క నీళ్ళ బిందెల మీద, ఊరగాయ జాడీ మీద, అడగకుండానే టీవీ మీద కూడా దర్భలు వేసింది. అమ్మ నడింట్లో ఆ ఇత్తడి పళ్ళేన్నే పెట్టి, వేలెడు నీళ్ళు పోసి, పెద్ద రోకలిని నిలబెట్టింది. చేతులు తీసింది. నిలిచింది. నేను అంతవరకు ఎన్నో గ్రహణాలకు చూసినా, ఆ రోజు మాత్రం దాన్ని కొత్తగా చూశాను. వేల మైళ్ళ అవతల ఒక యంత్రం చంద్రుడు లాగితే కదులుతుందని విన్నవాణ్ణి. ఇక్కడ రోకలి నిలబడదని ఏ ముఖం పెట్టుకుని అనగలను?

పడమటి కిటికీకి కొట్టిన చిల్లుల రేకులోంచి గోడ మీద పడే ఎండ చుక్కలు మెల్లగా నెలవంకలుగా మారాయి. గోడ నిండా చిన్న చిన్న నెలవంకలు. వాటినే చూస్తూ ఉన్నాను. అప్పుడు ఫోను మోగింది.

అవతల ఇంజనీరు గొంతు ఉత్సాహంగా ఉంది. అక్కడ కూడా గ్రహణమేనట, కంట్రోలు గదిలో సగంమంది బయటకు వెళ్ళి సూర్యుణ్ణి చూస్తున్నారట. ఆ సంగతి గది లోపలికి వినబడేలా చెప్పాను.

"బయటకా? వాళ్ళకు పెద్దోళ్ళు లేరా?" అంది అమ్మ.

పని మొదలైంది. పిల్ల లోపలి నుంచి చెప్పేది, నేను ఇంగ్లీషులో ఫోన్లో చెప్పేవాణ్ణి. అతను చెప్పింది నేను మళ్ళీ అతనికే చెప్పి, అవునన్నాకే గదిలోకి చెప్పేవాణ్ణి. రైల్వేలో అది నియమం. విన్నది తిరిగి చెప్పి ఖాయపరచుకోకుండా ఏదీ ముందుకు పోదు. ఇంజనీరు మొదట తడబడ్డాడు, తర్వాత ఆ పద్ధతి నచ్చిందేమో తనూ తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు.

పట్టికలో ఆ వేళకు ఉన్న మార్పు పెట్టారు. అతని ముందున్న తెర మీద చుట్టు పొడవునా ఎక్కడెక్కడ ఎన్ని రేణువులు గోడకు తగులుతున్నాయో నిలువు గీతలుగా కనబడతాయట. గీతలు కురచ కావాలి. అతను వాటిని ఒక్కొక్కటే చూశాడు. తర్వాత, పెరిగాయి అన్నాడు. తిరిగి చెప్పాను. అవునన్నాడు.

"పెరిగిందమ్మా" అన్నాను గదివైపు తిరిగి.

లోపలి నుంచి గొంతు వచ్చింది, "ఏ వరసలోది పెట్టినారో అడుగు మామా."

అడిగాను. సరైన వరుసే. పట్టికలో తర్వాతి వేళ వచ్చింది, రెండో మార్పు పెట్టారు. నష్టం ఇంకా పెరిగింది. పట్టిక లేకుండా పాత పద్ధతిలోనే ఇంతకంటే బాగుండేదని అతను మెల్లగా అన్నాడు. అది నాకు తిరిగి చెప్పబుద్ధి కాలేదు. అయినా చెప్పాను, అతను అవునన్నాడు. పిల్లకు మాత్రం "కొంచం ఎక్కువగానే ఉందంట" అన్నాను.

"మామా, నువ్వు స్టేషన్లో ఇట్లనే సెప్పేవాడివా? ఉన్నది ఉన్నట్టు సెప్పు."

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మంచం కిర్రుమంది. ఆమె లేచి కూర్చున్నట్టుంది. 

"ఆడ వాన పడిందా అని అడుగు."

ఎండా వానా సంగతులు అడిగే వేళ కాదు ఇది. అయినా అడిగాను. పడింది, వారంగా విడవకుండా పడింది, పక్కన సరస్సు కూడా నిండింది అన్నాడు.

"అదీ!" అని గదిలోంచి అరుపు. "మామా, మా నాయన పొలం తెలుసు గదా, విళాత్తికుళం దారిలో? కరిసల్ నేల, నల్లరేగడి. ఎండకు కాలు పట్టేంత పగులుతుంది, నాలుగు వానలు పడితే నెర్రెలు మూసుకుని కట్టిన గోడనే పక్కకు తోస్తుంది. యంత్రం ఉండే నేల వేరే, రాతినేల, కానీ నీళ్ళు తాగితే అదీ ఉబ్బుతుంది. వాన సంగతి నాకు తెలుసు, నెలకొకసారి సర్దితే సాలనుకుంటి. ఈ వారం వానకు సుట్టు ముందే పెరిగిపోయింది. నా పట్టిక వానకు ముందు కొలతలో ఉంది. పట్టిక తప్పు కాదు మామా, మొదలే పక్కకు జరిగింది. అన్నిటికీ ఒకే మార్పు కలపాల."

"ఎంత?" అన్నాను కాగితం సర్దుకుంటూ.

"అదే తెలీదు. కొంచం జరిపి, గీతలు సూసి, ఇంగ కొంచం జరపాల. నేను ఆయన నోటినుంచి వినాల. నువ్వు తిరగ సెప్పి, ఆయన ఆమా, అవునని, నువ్వు నాకు సెప్పేలోపల గీతలు మారిపోతాయి."

నా నియమమే అడ్డుపడుతున్నదని నాకూ అర్థమైంది. తిరిగి చెప్పడం మానేద్దామా అనుకున్నాను. మానితే, తప్పు పోయిందో లేదో తెలిసే దారి లేదు. ఆ ఇంజనీరు కూడా, ఇంక కాసేపే ఉంది, తర్వాత యంత్రాన్ని వేరే వాళ్ళకు అప్పగించాలి, ఆమె స్వయంగా రాలేదా అని అడిగాడు.

కిటికీవైపు చూశాను. సూర్యుడు ఎదురింటి వెనక్కు దిగిపోయాడు. గోడ మీద నెలవంకలు లేవు. గ్రహణం ఉందో విడిచిందో చూసి చెప్పే దారి లేదు. క్యాలెండరు ప్రకారం విడిచే వేళ దాటింది. రోకలి మాత్రం పళ్ళెంలో నిట్టనిలువుగా, కాపలావాడిలా నిలబడే ఉంది.

"విడిచిపోయిందమ్మా, క్యాలెండరులో ఉంది" అన్నాను.

"క్యాలెండరు అచ్చేసినోడు కడుపుతో ఉన్నాడా?" అంది అమ్మ. "రోకలి సూడు. పడలేదు."

పిల్ల గడపకు అవతల వచ్చి నిలబడింది. ఒక చెయ్యి నడుము మీద. గడప దాటలేదు. దాటితే ఆపగలిగేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు, అయినా దాటలేదు. ఆమె రోకలి వైపు కాదు, అమ్మ వైపు చూస్తూ ఉంది.

"అవ్వా, రోట్లోనుంచి గింజ అంతా బయట పడుతుండాది" అంది మెల్లగా.

అమ్మ రోకలి వైపు చూసింది. తర్వాత నన్ను అడిగింది.

"ఏమంటాడు వాడు?"

"ఇంకొంచెం సేపే ఉందట. ఈమె రావాలట."

"దీని లెక్క తప్పిందా?"

"తప్పలేదమ్మా. వాన కలపాలట."

"వాన కలపకుండా ఎవరైనా నేల లెక్క కడతారా" అని గొణిగింది అమ్మ. గొణుగుతూనే ముందుకు వంగి, ఈగను తోలినట్టు చేతిని విసిరింది. వేళ్ళు రోకలికి తగిలాయి. అది ఒక్కసారి ఊగి, పళ్ళెం అంచు మీద పడి, ఇల్లంతా మోగేలా దొర్లింది. నీళ్ళు నా కాళ్ళ మీద చిందాయి.

"పడింది. దా" అంది.

పిల్ల గడప దాటి వచ్చి నా చేతిలోంచి ఫోను తీసుకుంది. నేను స్టూలు పక్కనుంచి లేచి నిలబడ్డాను. తర్వాత వాళ్ళు మాట్లాడుకున్నది నాకు సగమే తెలిసింది. అన్నీ పొట్టి మాటలు. ఇంకొంచెం. ఆగు. వెనక్కు. ఇంకొంచెం. కొట్టంలో ఎద్దును బండికి వెనక్కు నడిపించేవాళ్ళ గొంతు అలాగే ఉంటుంది. అమ్మకు ఇంగ్లీషు రాదు. ఆమె పిల్ల నోటివైపే చూస్తూ, తడిసిన రోకలిని ఒళ్ళో పెట్టుకుని కొంగుతో తుడుస్తూ ఉంది. అక్క వంటింటి వాకిట్లో నిలబడిపోయింది.

పిల్ల మాట్లాడటం ఆపి వింటూ ఉంది. చాలాసేపు వింది. ఫోను తీగను వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. తర్వాత ఫోను మూతికి చెయ్యి అడ్డం పెట్టి మావైపు తిరిగింది.

"దిగింది."

"ఏమి దిగింది?" అంది అమ్మ.

"నట్టం అవ్వా. గీతలు కురచబడినాయి. పాతదానికంటే బాగా కురచ."

మిగిలిన వేళంతా, నేల మెల్లగా దిగుతున్నకొద్దీ పట్టిక చెప్పినట్టు తాళం మారుస్తూ పోయారు. నష్టం మళ్ళీ పెరగలేదు. యంత్రాన్ని అవతలివాళ్ళకు అప్పగించే ముందు ఇంజనీరు నాతో మాట్లాడాలన్నాడట. ఫోను తీసుకున్నాను. మీ పద్ధతిలో ఒకసారి చెబుతాను, తిరిగి చెప్పండి అన్నాడు. ఆమె పట్టిక వాడుకలోకి వస్తుంది, వాన కోసం ఇంకో వరుస చేర్చి. తిరిగి చెప్పాను. అవునన్నాడు.

గ్రహణ స్నానాలయ్యాక, కడిగిన ఇంట్లో, అక్క కొత్తగా వండిన అన్నం తింటున్నాము. అమ్మ ముద్ద కలుపుతూ అడిగింది.

"ఆ నేల లేసేది, ఆ ఊర్లోనేనా? మనకూ ఉందా?"

"మనకు ఇంకా ఎక్కువ అవ్వా. ఈ పక్క దేశాల్లోనే ఎక్కువ లేస్తుంది."

"అట్లనా!" అంది అమ్మ. సంతోషించింది. "మరి ఆ మిసిను ఈడ కట్టొచ్చు గదా."

"ఈడ కడితే సర్దేది ఇంగా కష్టం."

"కష్టమైతే ఏమి, నువ్వు ఇంట్లో ఉందువు" అంది అమ్మ. పిల్ల ఎడమచేత్తో అమ్మ మోకాలిని ఒకసారి తాకి, మజ్జిగ పోయమంది.

నేను ఆ రోజు అక్కడే ఉండిపోయాను. పొద్దున్నే లేచాను. అందరూ నిద్రలో ఉన్నారు. నడింట్లో పళ్ళెం గోడకు ఆనించి ఉంది, రోకలి మూల ఉంది. ఒక అనుమానం నన్ను నిద్రపోనివ్వలేదు. పళ్ళెం వాల్చి, నీళ్ళు పోసి, రోకలిని నిలబెట్టాను. కిందివైపు ఇనుప పొన్ను అరిగి, అరచేయిలా చదునుగా ఉంది. చేతులు తీశాను.

నిలిచింది.

ఆకాశంలో గ్రహణం లేదు. చుట్టూ నడిచాను. నేల మీద మెల్లగా కాలు తట్టాను. నీళ్ళు వణికాయి, రోకలి నిలిచే ఉంది. నీళ్ళు తీసేసి పొడి పళ్ళెంలో పెట్టాను. నిలిచింది. పళ్ళెమే తీసేసి వట్టి నేల మీద పెట్టాను.

"ఏమిరా అయ్యా, పొద్దున్నే దానితో ఆట?"

అమ్మ చాప మీద పక్కకు తిరిగి, చెయ్యి తలకింద పెట్టుకుని చూస్తూ ఉంది. ఎప్పటినుంచి చూస్తున్నదో తెలియదు.

"ఇది ఈ రోజు కూడా నిలబడుతుందమ్మా" అన్నాను.

"ఏ రోజైనా నిలుస్తుంది. సదునుగా ఉండేది నిలవకుండా ఏమి సేస్తుంది?"

"నీకు తెలుసా?"

"దాన్ని అరవై ఏండ్లు దంచినాను. నాకు తెలీదా?"

"మరి?"

అమ్మ గదివైపు చూసింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. గొంతు తగ్గించింది.

"నా కాన్పులకు మా అత్త పెట్టింది. అప్పుడు నడుములు పడిపోయేంత పని. గెరణమని ఒక పూట పండుకోనిచ్చేవాళ్ళు, రోకలి పడేదాకా ఎవరూ లేపకూడదు. మా అత్త దాన్ని ఎప్పుడు తోసేదో సూసినాను. నేను లేసి నీళ్ళు అడిగినాకనే తోసేది." కొంగు సర్దుకుంది. "నిన్న ఈ పిల్లను ఇంగా కొంచం పండుకోనిద్దామంటే, వాడు ఫోన్లో ఆగడంటివి."

రోకలి ఇంకా నిలిచే ఉంది. నేల దాన్ని మోస్తూ లేస్తున్నదో దిగుతున్నదో చూడటానికి ఏ దారీ లేదు.

"ఎవరికీ సెప్పొద్దు" అంది అమ్మ లేస్తూ. "మళ్ళా గెరణానికి ఈ వీధిలో ఎవరో ఒకరు కడుపుతో ఉంటారు. దాన్ని మూల పెట్టి, పిల్ల లేసిందేమో సూసి రా. లేయకపోతే లేపొద్దు."